వేలికి తగిలే నాంపల్లి

ఆబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో, మేడ మీది గదిలో మీరొక స్టూల్ మీద కూర్చున్నారు. కింద ఆటోల హారన్లు ఆగడం లేదు. టేబుల్ మీద ల్యాప్‌టాప్, దాని ముందు తెర మీది రాతను చుక్కలుగా వేలికందించే 20 గడుల బ్రెయిలీ డిస్‌ప్లే. డిగ్రీ చదివే కుర్రాడు దాన్ని కొత్తగా తెచ్చుకున్నాడు. పక్కనున్నావిడ బ్యాంకు ఉద్యోగి. ఇద్దరికీ చూపు లేదు.

"అక్కా, ఛార్జింగ్ అయితుంది గానీ చుక్కలు లేస్తలేవు."

"ఫుట్‌పాత్ మీద కొన్న కేబులా తమ్మీ? కొన్నిట్ల కరెంటే పోతది, డేటా పోదు. నా బ్యాగుల ఇంకోటుంది, తీస్కో."

కేబుల్ మార్చగానే కంప్యూటర్ టింగుమంది. అయినా గడులు చదునుగానే ఉన్నాయి. ఇన్‌సర్ట్, కంట్రోల్, 'ఏ' కీలు కలిపి నొక్కమందావిడ. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ 'నో బ్రెయిల్' అంటోంది. కుర్రాడు బాణం కీతో 'ఆటోమేటిక్' దగ్గరికి వెళ్లి ఎంటర్ కొట్టాడు. టపటపమంటూ పిన్నులు లేచాయి!

మీరూ వేలు పెట్టి చూడండి. ఒక్కో గడిలో ఎనిమిది పిన్నులు. కరెంటు తగిలితే వంగే సన్నని పట్టీ ఒక్కో పిన్నునూ లేపుతుంది. 20 గడులకు 160 పట్టీలు. ధర మండిపోయేది అందుకే. ఎన్‌వీడీఏ మాత్రం ఉచితం. చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో దాన్ని మొదలుపెట్టాడు.

ఇప్పుడు కుర్రాడు తన అర్జీ తెరిచాడు. నాంపల్లి స్టేషన్ నుంచి జీపీవో దాకా ఫుట్‌పాత్‌ మీద బైకులు పెట్టనివ్వొద్దని అధికారులకు రాసుకున్నది. వేలి కింద అంతా గజిబిజి.

"బ్రెయిలీ టేబుల్ ఇంగ్లీషుల ఉన్నట్టుంది. బ్రెయిలీ సెట్టింగుల తెలుగు పెట్టు."

పెట్టాడు. న, దీర్ఘం, సున్నా, ప... ఒత్తు కిందికి దిగదు, పక్క గడిలోకే వస్తుంది. 'నాంపల్లి'కి మొత్తం ఎనిమిది గడులు. తర్వాతి మాట మీద వేలు ఆగింది.

"అక్కా, 'స్టేశన్' అని కొట్టిన!"

ఇంతకుముందు ఎన్‌వీడీఏ గొంతు ఈ వాక్యాన్ని సాఫీగా చదివేసింది. 'శ'కూ 'ష'కూ తేడా చెవికి అందలేదు. వేలికి అందింది, ఎందుకంటే రెండింటి చుక్కలూ వేరు. వినిపిస్తోంది కదా, ఇంక బ్రెయిలీ ఎందుకనే వాళ్లతో నేను ఒప్పుకోలేను. చూపున్న పిల్లలకు రేడియో ఉంది కదా, పుస్తకం ఎందుకని ఎవరైనా అడుగుతారా? చెవితోనే చదువుకున్నవాడికి తన భాష అక్షరాలు ఎలా ఉంటాయో ఎప్పుడు తెలియాలి?

గడి పైనున్న చిన్న బటన్ నొక్కితే కర్సర్ నేరుగా ఆ అక్షరం దగ్గరికొచ్చింది. డిలీట్ కొట్టి 'ష' టైపు చేశాడు.

"పంపాల్నా అక్కా?"

"మొత్తం వేలితోని చదివినంక పంపు. కేబుల్ లేకుండా బ్లూటూత్‌తోని కలిపే సంగతి తర్వాత చూద్దాం."