రుద్రూర్: చెరకుకీ వరికీ మధ్య

బోధన్ నుంచి బాన్సువాడ పోయే దారిలో ఉంది రుద్రూర్. అక్కడ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల 'చెరకు, వరి పరిశోధన కేంద్రం' ఉంది. ఈ ప్రాంతం కథంతా ఆ పేరులోనే ఉంది. పేరులో చెరకు ముందు, వరి తర్వాత. చుట్టూ పొలాలు చూస్తే మాత్రం వరే వరి.

ముందు నీళ్లొచ్చాయి. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. అనుకున్న ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. కాలువ వెంట భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల రైతులు వచ్చారు. వాళ్లు దిగిన చోట్లు ఊళ్లయ్యాయి. ఆ ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అన్న మాట ఇప్పటికీ పోలేదు.

నీళ్ల వెనకే ఫ్యాక్టరీ. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. బోధన్ పక్కన దాని చుట్టూ వెలసిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా చెప్పుకునేవారు.

చెరకు మిగతా పంటల్లాంటిది కాదు. వడ్లు ఆరబోసి, బస్తాల్లో నింపి, ధర వచ్చేదాకా ఆగొచ్చు. నరికిన చెరకు ఆగదు. గంటలు గడిచేకొద్దీ బరువు తగ్గుతుంది, రసంలో చక్కెర తగ్గుతుంది. అందుకే ఫ్యాక్టరీ దగ్గర్లో ఉండాలి, ఏ రోజు నరకాలో అదే చెప్పాలి. రైతు ఏడాదిపాటు పొలాన్ని ఒక్క కొనుగోలుదారుడి మాట మీద వదిలేస్తాడు. నాటిన తోట తర్వాత కార్శి తోట కూడా ఉంటుంది కాబట్టి, ఆ నమ్మకం రెండేళ్లది.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి మూసేశారు. కార్మికుల జీతాలు ఆగిపోవడం అందరికీ కనబడింది. రైతు పోగొట్టుకున్నది అంతగా కనబడలేదు, ఎందుకంటే పొలం బీడు పడలేదు. చెరకు బదులు వరి వేశాడు, అంతే. కానీ ఒకప్పుడు ఏది వెయ్యాలో తనే తేల్చుకునేవాడు. ఇప్పుడు తేల్చుకోడానికేం లేదు. వరికి నీళ్లు కావాలి, మద్దతు ధరకు కొనే కేంద్రం కావాలి. నీళ్ల సంగతి చూస్తే, నిజాంసాగర్ పూడికతో చిక్కిపోయింది. ఎగువన కట్టిన సింగూరు నుంచి హైదరాబాద్‌కు తాగునీళ్లు పోతున్నాయి.

ఫ్యాక్టరీ తెరిపించడానికి ప్రభుత్వం 2024 జనవరిలో కమిటీ వేసింది. మిషన్లు బాగుచెయ్యొచ్చు, బాకీలు తీర్చొచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. చెరకు లేనిదే ఫ్యాక్టరీ నడవదు, ఫ్యాక్టరీ నడుస్తుందన్న నమ్మకం లేనిదే రైతు చెరకు నాటడు. ముందడుగు ఎవరిది? 1937లో ఆ అడుగు సర్కారు వేసింది. ఒకసారి దెబ్బతిన్న రైతును మళ్లీ ముందు నాటమనడం న్యాయం కాదు.