ఊరు దాటిన ఆట: హైదరాబాద్ ఫుట్‌బాల్ వలస చరిత్ర

ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకోవడం మొదట బ్రిటన్‌లో ఒక వృత్తిగా స్థిరపడింది. పంతొమ్మిదో శతాబ్దం చివరలో లాంకషైర్ నూలు మిల్లుల పట్టణాల్లోని క్లబ్బులు స్కాట్లాండ్ నుంచి నేర్పరులైన ఆటగాళ్లను రప్పించుకొని, పైకి మిల్లులోనో వర్క్‌షాపులోనో ఏదో ఒక ఉద్యోగం చూపి, లోపల ఆటకు డబ్బు ముట్టజెప్పేవి. ఈ వ్యవహారం దాచినా దాగనంతగా పెరిగాక ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 1885లోను, స్కాట్లాండ్ సంఘం 1893లోను జీతపు ఆటను అంగీకరించక తప్పలేదు. ఆ వృత్తిలో ఒకే క్లబ్బులో పేరు మోసి స్థిరపడినవారు కొద్దిమందే కాగా, రెండు మూడేళ్లకొక క్లబ్బు చొప్పున, పిలిచిన చోటికల్లా మూట సర్దుకొని వెళ్లిన సంచార ఆటగాళ్లే ఎక్కువ. తెలంగాణ గడ్డ మీద ఇటువంటి వృత్తి చరిత్రను వెతికితే అది హైదరాబాద్‌లో మొదలై కలకత్తాలో కొనసాగుతుంది.

భారతదేశంలో ఫుట్‌బాల్ చాలాకాలం పేరుకు ఔత్సాహికుల ఆటగానే, అంటే జీతం పుచ్చుకోని ఆటగానే చెలామణి అయింది. అయితే కలకత్తా క్లబ్బులు బయటి ప్రాంతాల ఆటగాళ్లను చేర్చుకోవడం స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. 1934 నుంచి 1938 వరకు వరుసగా అయిదేళ్లు కలకత్తా లీగ్ గెలిచిన మహమ్మడన్ స్పోర్టింగ్ తన బలగాన్ని దేశం నలుమూలల నుంచి కూడగట్టుకుంది. 1949 తరువాత ఈస్ట్ బెంగాల్ ముందువరుసలో నిలిచి పంచపాండవులుగా పేరుపొందిన వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలేల పేర్లు చూసినా ఆ జట్టు బెంగాల్‌కు బయట ఎంత దూరం చేయి చాచిందో తెలుస్తుంది. ఆట నియమాలు జీతాన్ని ఒప్పుకోలేదు కనుక రైల్వేలోనో, పోర్టులోనో, బ్యాంకులోనో ఉద్యోగం ఇప్పించడమే ప్రతిఫలం చెల్లించే మార్గమైంది.

హైదరాబాద్‌లో ఆ ఉద్యోగం పోలీసు శాఖ ఇచ్చింది. వృత్తిరీత్యా బడిపంతులైన సయ్యద్ అబ్దుల్ రహీం 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టి 1963లో మరణించేదాకా దాన్ని వదల్లేదు. ఆయన శిక్షణ ప్రత్యేకతను ఆయన పెట్టించిన పోటీలే చెబుతాయి. కొన్ని టోర్నమెంట్లలో వాటం లేని కాలితోనే, అంటే కుడివాటం వాడైతే ఎడమకాలితోనే, బంతి తన్నాలి. మరికొన్నింటిలో బంతిని కాలి దగ్గర పెట్టుకొని ఎదుటివాణ్ని తప్పించుకుంటూ పోయే డ్రిబ్లింగ్ పనికిరాదు, బంతి అందగానే తోటివాడికి పాస్ ఇచ్చేయాలి. ఈ కట్టడిలో పెరిగిన కుర్రవాడికి రెండు కాళ్లూ సమంగా ఆడేవి, తోటివాడు ఎక్కడున్నాడో చూసే అలవాటు పట్టుబడేది. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును, 1950, 1954, 1957లలో డ్యూరాండ్ కప్పును గెలిచింది. రాష్ట్రజట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58లలో వరుసగా రెండుసార్లు గెలుచుకుంది. రహీం శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

పోలీసు కొలువు ఆటగాడికి ఇల్లు గడిచే భరోసా ఇచ్చింది గానీ, కలకత్తా మైదాన్‌లో దొరికే పేరును, ప్రేక్షకులను, డబ్బును ఇవ్వలేకపోయింది. వాటి కోసం కలకత్తా వెళ్లాలనుకున్నవారికి దారి అప్పటికే ఉంది. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి కాజీపేట, వరంగల్‌ల మీదుగా సాగి 1889 నాటికి బెజవాడ చేరిన రైలుమార్గం, అక్కడి నుంచి తూర్పుతీరం వెంట హౌరాకు వెళ్లే మార్గంతో కలిసింది. తెలంగాణకూ బెంగాల్‌కూ మధ్య రాకపోకలకు అదే రాజమార్గం. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, 1961లో ఆ జట్టుకు నాయకుడై, 1963లో బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారి, ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్ల వయసుకే ఆట మానుకున్నాడు. హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంట్ జట్టుకు ఆడాక, మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటి గోల్‌నూ కాశాడు.

ఈ సంచార వృత్తి పూర్తి రూపం మహమ్మద్ హబీబ్ జీవితంలో కనిపిస్తుంది. 1949లో హైదరాబాద్‌లో పుట్టిన హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌లో అడుగుపెట్టి, 1968లో మోహన్ బగాన్‌కు వెళ్లి, 1970లో తిరిగి ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి, 1975లో మహమ్మడన్ స్పోర్టింగ్‌లో, 1976 నుంచి మళ్లీ మోహన్ బగాన్‌లో ఆడి, ఆ తరువాత కూడా 1980ల తొలి సంవత్సరాల దాకా ఈ మూడు క్లబ్బుల మధ్యే తిరిగాడు. కలకత్తాలో ఏటా ఆటగాళ్లు క్లబ్బు మారే రోజులను దల్‌బదల్ అనేవారు. ఆటను నడిపే సంఘం కార్యాలయానికి వెళ్లి సంతకం చేసేదాకా మార్పు ఖాయం కాదు కనుక, ప్రత్యర్థి క్లబ్బు ఎగరేసుకుపోకుండా ఆటగాణ్ని దాచిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. బడే మియా అని అక్కడివారు పిలుచుకున్న హబీబ్, ఉద్యోగపు నీడను ఆశ్రయించక ఆటనే జీవనోపాధి చేసుకున్నందుకు భారత ఫుట్‌బాల్‌లో తొలి అసలైన ప్రొఫెషనల్‌గా పేరు పొందాడు. అతని వెంట కలకత్తా చేరిన తమ్ముడు అక్బర్ 1976లో మోహన్ బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. క్లబ్బులు మారినందుకు అతని విలువ తరగలేదు. ఏ రంగు చొక్కా వేసుకుంటే ఆ జట్టు కోసం ఒళ్లు దాచుకోకుండా ఆడతాడన్న నమ్మకం వల్లనే మూడు క్లబ్బులూ అతన్ని మళ్లీ మళ్లీ పిలిచాయి.

రహీం మరణానంతరం హైదరాబాద్ ఆట ఒక్కసారిగా కూలిపోలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అయితే పోలీసు జట్టు స్థానంలో జీతమిచ్చే క్లబ్బు ఏదీ ఇక్కడ నిలదొక్కుకోకపోవడంతో, పాతబస్తీలోనూ సికింద్రాబాద్‌లోనూ తయారైన నేర్పు బయటి ఊళ్లలోనే ఖర్చయింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ ప్రవాహాన్ని కొంతకాలం వెనక్కి తిప్పింది. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ కప్పును ఆ జట్టు గెలిచినప్పుడు 18 గోల్స్‌తో లీగ్‌లోకెల్లా ముందు నిలిచిన బార్తొలొమ్యూ ఓగ్బెచే, పారిస్ నుంచి మొదలుపెట్టి అనేక దేశాల క్లబ్బులు తిరిగివచ్చిన నైజీరియా ఆటగాడు. అదే సీజన్‌లో లీగ్ దశలో అగ్రస్థానానికి ఇచ్చే షీల్డును జంషెడ్‌పూర్‌కు సాధించిపెట్టినవారిలో ముఖ్యుడైన గ్రెగ్ స్టువర్ట్, కౌడెన్‌బీత్, డండీ, బర్మింగ్‌హామ్, రేంజర్స్ వంటి క్లబ్బులు దాటి వచ్చిన స్కాట్లాండ్ వాడు. తరువాత ముంబయి మీదుగా, హబీబ్ ఒకప్పుడు ఆడిన మోహన్ బగాన్‌లో చేరాడు.

2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా యాజమాన్యం మారి ఢిల్లీకి తరలిపోయింది. ఆటగాణ్ని తయారు చేసిన చోట అతన్ని పోషించే ఏర్పాటు లేకపోతే అతను పోషణ ఉన్న చోటికి వెళ్తాడన్నది లాంకషైర్‌కు వెళ్లిన స్కాట్‌ల కాలం నుంచి హబీబ్ కాలం దాకా మారని సంగతి. కాబట్టి హైదరాబాద్ ఆటగాళ్ల క్లబ్బు మార్పులను నిలకడలేనితనంగా కాక, నేర్పు ఒక ఊళ్లోనూ జీతం మరొక ఊళ్లోనూ ఉండిపోయిన వృత్తి చరిత్రగా చదవడమే సమంజసం.