పులివెందుల తాలూకా అన్నదమ్ములు, రెండు రకాల సినిమాలు

మాది వేంపల్లె. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఆ మాట చెప్పగానే హాస్టల్లో పక్క మంచం వాడు అడిగిన మొదటి ప్రశ్న: "మీ ఇంట్లో బాంబులుంటాయా?" వాడి తప్పేం లేదు లెండి. టీవీలో సమరసింహారెడ్డి (1999), ఇంద్ర (2002) పదేపదే చూసి పెరిగినవాడికి కడప జిల్లా అంటే సుమోలూ వేటకొడవళ్ళే. నేను చూసిన ఊళ్ళో ఉన్నవి శనక్కాయ చేలు, ఎండిన పాపాఘ్ని ఇసుక, బిందెల వరస.

ఆ కోపంతోనే "ఆర్టు సినిమా" వైపు పోయాను. మా భూమి (1979), దాసి (1988) ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశా. దాసిలో అర్చన మాట్లాడేది చాలా తక్కువ, అయినా ఆ సినిమాకి ఆమెకు జాతీయ అవార్డు వచ్చింది. ఇక నాకు పొగరెక్కింది. కమర్షియల్ సినిమాకి వెళ్ళేవాళ్ళంతా నా దృష్టిలో అమాయకులు :)

ఆ పొగరు దించింది బి.ఎన్.రెడ్డి. ఆయనది మా పక్కనే, పులివెందుల తాలూకా కొత్తపల్లి అని తెలిసినప్పుడు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నేను బెంగాలు దాకా వెతుకుతున్నాను మరి!

1951 సంగతి చూడండి. తమ్ముడు బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి పాతాళభైరవి తీశాడు. అన్న అదే ఏడాది మల్లీశ్వరి తీశాడు. రెండింట్లోనూ హీరో ఎన్టీఆరే. పాతాళభైరవి విరగబడి ఆడింది. మల్లీశ్వరికి ఖర్చూ, రోజులూ పెరిగిపోయాయి, వసూళ్ళలో దాని ముందు నిలవలేదు. అయినా అన్న మారలేదు. జార్జ్ ఇలియట్ నవల సైలాస్ మార్నర్ ఆధారంగా 1955లో బంగారుపాప తీశాడు. పాలగుమ్మి పద్మరాజు మాటలు, హీరోగా ఎస్వీ రంగారావు! మెచ్చుకున్నవాళ్ళు చాలామందే గానీ డబ్బులు రాలేదు. చివరికి వాహినీ స్టూడియో తమ్ముడి చేతికొచ్చి విజయా-వాహినీ అయింది.

నాకు తోచింది చెప్తాను, కోప్పడకండి. తమ్ముడి గల్లాపెట్టె లేకపోతే ఆ స్టూడియో నిలబడేదా అని నాకు అనుమానమే. 1974కి అన్నకు ఫాల్కే అవార్డు వచ్చింది, దక్షిణాదిలో అదే మొదటిది. తమ్ముడికి 1986కి వచ్చింది. ఒకే ఇంట్లో రెండు!

అన్నట్టు, తిరుపతిలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో మనలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసిన రాజ్, డీకే నిర్మించిన సినిమా బండి 2021లో వచ్చింది. కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటో డ్రైవరుకి కెమెరా దొరికే కథ. మా నాయనకు చూపించా.

"మన మాదిరే మాట్లాడుతుండారే!" అని నవ్వుతా కూర్చున్నాడు. అరగంట తర్వాత అడిగాడు, "ఫైటింగు యాడుందిరా?"