ఒకచోటి కొవ్వు మరోచోట: ఒక శస్త్రచికిత్స నడిచిన దారి

శరీరంలో ఒకచోట పేరుకున్న కొవ్వును తీసి, అదే మనిషి ఒంట్లో గుంటపడిన చోటనో పలచబడిన చోటనో నింపడాన్ని కొవ్వు మార్పిడి అంటారు. డాక్టర్లు వాడే పేర్లు ఫ్యాట్ గ్రాఫ్టింగ్, లైపోఫిల్లింగ్. పొట్ట, తొడలు, నడుము పక్కలు కొవ్వు ఇచ్చే చోట్లు. ముఖం, రొమ్ము, పిరుదులు, అరచేతి వెనుక భాగం పుచ్చుకునే చోట్లు. సొంత కొవ్వు కాబట్టి శరీరం దాన్ని పరాయిదిగా చూసి తిప్పికొట్టదు. అయితే తీసిపెట్టిన కొవ్వంతా బతకదు. ఎవరి ఒంట్లో ఎంత నిలుస్తుందో ముందే కచ్చితంగా చెప్పడం ఇప్పటికీ సాధ్యం కాదు. ఈ చికిత్స చేయించుకోవాలా వద్దా అని ఆలోచించేవారికి ఎదురయ్యే ప్రశ్నలు కొత్తవేమీ కావు. నూట ముప్పై ఏళ్లలో ఒక్కొక్కటిగా పుట్టినవే. వాటిలో కొన్నింటికి జవాబు ప్రాణాలు పోయాక గానీ దొరకలేదు.

తొలి ఆధారం 1893 నాటిది. జర్మన్ సర్జన్ గుస్తావ్ న్యూబర్ దగ్గరికి కంటి కింద లోతైన మచ్చ ఉన్న ఒక రోగి వచ్చాడు. ఎముకకు సోకిన జబ్బు తగ్గాక చర్మం ఎముకను అంటుకుపోయి గుంటపడింది. న్యూబర్ రోగి చేతి నుంచి చిన్న చిన్న కొవ్వు ముక్కలు తీసి అందులో పెట్టాడు. గుంట పూడింది. ఆ ఫలితం కన్నా ఆయన చెప్పిన జాగ్రత్త విలువైనది: ముక్క చిక్కుడు గింజంతో బాదం గింజంతో ఉండాలి, అంతకు మించితే నమ్మకం లేదు. ఈ విద్యకు సంబంధించిన అసలు రహస్యం ఆ తొలి ప్రయత్నంలోనే బయటపడింది. వైద్యలోకం దాన్ని పట్టించుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

రెండేళ్ల తర్వాత, 1895లో, హైడెల్‌బర్గ్‌లో విన్సెంజ్ చెర్నీ ఒక రంగస్థల కళాకారిణికి రొమ్ములోని జబ్బు గ్రంథిని తొలగించాడు. ఆమె నడుము పక్కన పిడికెడంత కొవ్వు గడ్డ ఉంది. లైపోమా అనే ఈ రకం గడ్డ హాని చేయదు. చెర్నీ దాన్ని తీసి ఖాళీ అయిన చోట అమర్చాడు. రొమ్ము పునర్నిర్మాణ చరిత్ర ఇక్కడే మొదలైందని చాలామంది లెక్కిస్తారు. చెర్నీ విజయం చూశాక పెద్ద ముక్కల మీద మోజు పెరిగింది. ఎరిక్ లెక్సర్ అనే మరో జర్మన్ సర్జన్ పెద్ద ముక్కలే మేలని వాదించి, 1919లో అవయవ భాగాల మార్పిడి మీద తెచ్చిన బృహద్గ్రంథంలో కొవ్వుకు పెద్ద పీట వేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తూటాలకు, బాంబు ముక్కలకు ముఖాలు ఛిద్రమైన సైనికుల మచ్చల కింద కొవ్వు పొరలు పరిచిన సర్జన్లు ఎందరో. అందం కోసం కాక, నలుగురిలో తలెత్తుకు తిరగడం కోసం జరిగిన పని అది.

అదే కాలంలో కత్తి గాటు లేకుండా సూదితోనే పని కానివ్వాలన్న ఆశ కూడా బలపడింది. వియన్నాలో రాబర్ట్ గెర్సూనీ 19వ శతాబ్దం చివర పారఫిన్‌ను ఎక్కించడం మొదలుపెట్టాడు. కరిగించి ఎక్కిస్తే లోపల గడ్డకట్టి ఆకారం నిలుపుతుందన్నది ఆలోచన. కొన్నేళ్లకే అది గడ్డలు కట్టి, పక్కకు జారి, పుండ్లు పడి మనుషులను వికారం చేసింది. తర్వాతి రోజుల్లో మార్ల్‌బరో డచెస్ అయిన గ్లాడిస్ డీకన్ ముక్కులో ఎక్కించుకున్న మైనం గడ్డం వైపు జారి, ఆమె ప్రసిద్ధ సౌందర్యాన్ని శాశ్వతంగా పాడుచేసింది. ఈ అనుభవం తర్వాత మళ్లీ కొవ్వు వైపు చూపు మళ్లింది. 1910 ప్రాంతంలో బెర్లిన్‌లో యూజెన్ హాలెండర్ మనిషి కొవ్వులో పొట్టేలు కొవ్వు కలిపి సిరంజితో ఎక్కించాడు. మనిషి కొవ్వు ఒక్కటే అయితే త్వరగా కరిగిపోతోందన్నది ఆయన బాధ. 1926లో షికాగోకు చెందిన చార్లెస్ మిల్లర్ సన్నటి లోహపు గొట్టంతో, అంటే కాన్యులాతో, కొవ్వు ఎక్కించే తీరును వివరించాడు. ఎవరూ అందుకోలేదు.

కొవ్వు ఎందుకు కరిగిపోతుందో లెక్క కట్టి చూసినవాడు అమెరికా సర్జన్ లిండన్ పీర్. మార్చిన ముక్కలను ఏడాది తర్వాత తీసి తూచి, బరువూ పరిమాణమూ సుమారు సగానికి పడిపోతాయని 1950లో ప్రకటించాడు. మిగిలేవి బతికిన అసలు కణాలే తప్ప, వాటి స్థానంలో వచ్చిన కొత్తవి కావన్నది ఆయన సిద్ధాంతం. సగం పోతుందని తేలాక ఈ చికిత్స మీద ఆసక్తి సన్నగిల్లింది. 1960ల నుంచి సిలికోన్ వచ్చి ఆ చోటు ఆక్రమించింది.

కొవ్వు మళ్లీ తెరమీదికి వచ్చింది తీసేవాళ్ల వల్ల, పెట్టేవాళ్ల వల్ల కాదు. 1920లలో పారిస్‌లో డుజారియే అనే సర్జన్ ఒక యువతి కాళ్లు సన్నబరచడానికి కొవ్వు గీకి తీయబోయాడు. కాలు కుళ్లి తొలగించాల్సి వచ్చింది. ఆ భయంతో దశాబ్దాల పాటు ఆ జోలికి పోయినవాళ్లు అరుదు. 1970ల మధ్యలో రోమ్ నగరంలో తండ్రీకొడుకులు అర్పాద్, జార్జియో ఫిషర్ పీల్చే యంత్రానికి గొట్టం తగిలించి కొవ్వు లాగారు. 1977లో పారిస్‌లో ఈవ్-జెరార్ ఇల్లూజ్ దగ్గరికి ఒక నటి వచ్చింది. వీపు మీది కొవ్వు గడ్డ పోవాలి, మచ్చ కనిపించకూడదు. ఇల్లూజ్ చిన్న రంధ్రం గుండా మొండి మొన గొట్టం పంపి దాన్ని పీల్చేశాడు. మొన మొండిగా ఉండడంతో రక్తనాళాలు, నరాలు తెగకుండా పక్కకు తప్పుకున్నాయి. 1987లో కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ సెలైన్‌లో కొద్దిగా మత్తుమందు, అడ్రినలిన్ కలిపి ముందే నింపే పద్ధతి తెచ్చాడు. రక్తస్రావం బాగా తగ్గింది. సీసాల కొద్దీ కొవ్వు చేతికి వచ్చింది. దాన్ని పారేయడం ఎందుకన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. ఇల్లూజ్, పియర్ ఫూర్నియే తిరిగి ఎక్కించడం మొదలుపెట్టారు. తొలి ఫలితాలు నిరాశపరిచాయి. గట్టిగా పీల్చిన కొవ్వును ముద్దలుగా ఒకేచోట కుక్కితే నెలల్లో కరిగిపోయేది, లేదా నూనె తిత్తులుగా మిగిలేది. ఇలా ఎక్కించిన కొవ్వు గట్టిపడి సున్నం పట్టి రొమ్ము క్యాన్సర్‌ను మామోగ్రామ్‌లో మరుగుపరుస్తుందన్న భయంతో, 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం రొమ్ములోకి కొవ్వు ఎక్కించడాన్ని గట్టిగా ఖండించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్క్‌లో సిడ్నీ కోల్‌మన్ ఈ పనికి ఒక క్రమం తెచ్చాడు. 1990లలో ఆయన ప్రచురించిన పద్ధతిని దగ్గరగా చూస్తే, ఫలితమంతా ఓర్పులోనే ఉందని తెలుస్తుంది. యంత్రం వాడకుండా 10 మిల్లీలీటర్ల సిరంజికి మొండి కాన్యులా బిగించి, చేత్తో మెల్లగా లాగుతారు. సిరంజిలను సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 3,000 చుట్ల వేగంతో 3 నిమిషాలు తిప్పుతారు. అప్పుడు మూడు పొరలు విడిపోతాయి: పైన చితికిన కణాల నూనె, అడుగున రక్తంతో కలిసిన నీరు, మధ్యలో పసుపుపచ్చని కొవ్వు. పైదీ కిందదీ వదిలేసి, మధ్య పొరను 1 మిల్లీలీటరు సిరంజిల్లోకి మారుస్తారు. ముఖంలో కాన్యులా ఒక్కసారి వెనక్కి వచ్చేలోపు వదిలేది మిల్లీలీటరులో పదో వంతుకు మించదు. కనురెప్పల దగ్గర అంతకన్నా చాలా తక్కువ. వరినాట్లలో నారు కట్టను ఒకేచోట పాతితే కుళ్లుతుంది, విడదీసి నాటితేనే వేరు పడుతుంది. ఇక్కడ జరిగేదీ అంతే.

ఇందుకు శరీరధర్మ కారణం ఉంది. కొత్తచోట చేరిన కొవ్వుకు మొదటి రోజుల్లో రక్తనాళాలుండవు. చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఊరివచ్చే ఆక్సిజనే ఆధారం. అది అంచునుంచి మిల్లీమీటరున్నర లోతు దాటి పోదని 1990లలో బ్రెజిల్ సర్జన్లు కార్పనేడా, రిబేరో చూపారు. ముక్క లావైన కొద్దీ నడిబొడ్డు చచ్చిపోతుంది. 2009 తర్వాత టోక్యోలో కొటారో యోషిమురా బృందం మరికొంత ముందుకు వెళ్లి, ముద్దలో మూడు వలయాలున్నాయని తేల్చింది: అంచున కణాలు బతికే సన్నని పొర, దాని లోపల పెద్ద కణాలు చచ్చినా మూలకణాల నుంచి కొత్తవి పుట్టే పొర, మధ్యలో ఏమీ మిగలని భాగం. న్యూబర్ చిక్కుడు గింజ లెక్కకు ఇంతకాలానికి కారణం దొరికింది.

కొవ్వులో మూలకణాలున్నాయని 2001లో లాస్ ఏంజెలెస్‌లో ప్యాట్రీషియా జుక్ బృందం వెల్లడించడం ఈ చికిత్సకు కొత్త గౌరవం తెచ్చింది. రేడియేషన్ వల్ల చర్మం రాయిలా గట్టిపడి పుండ్లు పడిన రొమ్ము క్యాన్సర్ రోగుల్లో, కొవ్వు ఎక్కించిన చోట చర్మం మెత్తబడి పుండు మానడాన్ని ఇటలీలోని వెరోనాలో జీనో రిగొట్టి 2007లో నమోదు చేశాడు. కొవ్వు మార్పిడి చేసిన మేళ్లలో ఇది గొప్పది. ఆకారం గురించి మాట్లాడేవాళ్లు దీన్ని మరిచిపోవడం అన్యాయం. 2009లో అమెరికా సంఘం నియమించిన నిపుణుల బృందం రొమ్ము విషయంలో పాత ఖండనను సడలించింది. అయితే మూలకణాల పేరు వ్యాపారానికీ పనికొచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తసంబంధ వ్యాధుల్లో ఆమోదించిన కొన్ని వాడకాలు తప్ప, మిగతా మూలకణ చికిత్సలు అనుమతి పొందిన పరిశోధనల్లో భాగంగానే జరగాలి. "స్టెమ్ సెల్ ఫేస్‌లిఫ్ట్" అని ప్రకటించే క్లినిక్‌ను చూసినప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

తెలుగు నేలకు ఈ చరిత్రతో ఒక ముడి ఉంది. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం హెచ్‌ఐవీకి ఉచిత మందులు మొదలుపెట్టినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ఎక్కువమంది రోగులున్న రాష్ట్రాల్లో ఒకటి. ఆనాటి మందుల్లో ఒకటైన స్టావుడిన్ ప్రాణం నిలిపింది కానీ కొందరి బుగ్గల్లో కొవ్వును కరిగించింది. చూడగానే జబ్బు బయటపడే ముఖం అది. ఇలాంటి బుగ్గలకు పాశ్చాత్య దేశాల్లో కొవ్వు మార్పిడి చేశారు. కాళ్లూ చేతులూ కూడా సన్నబడిపోవడంతో ఇవ్వడానికి కొవ్వు దొరకడమే కష్టమయ్యేది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టావుడిన్‌ను దశలవారీగా మానుకోమంది.

అన్నిటికన్నా చేదు అధ్యాయం పిరుదులది. బ్రెజిలియన్ బట్ లిఫ్ట్ అనే పేరుతో ఒక్కోసారి లీటరు వరకు కొవ్వు ఎక్కించడం 2010ల్లో సామాజిక మాధ్యమాల ఊపుతో ప్రపంచమంతా పాకింది. 2015లో మెక్సికో, కొలంబియా సర్జన్లు తమ రెండు దేశాల్లో ఇలా జరిగిన 22 మరణాలను వెలికితీశారు. పిరుదు కండరం లోపలా కిందా పెద్ద సిరలున్నాయి. కాన్యులా మొన వాటిని చీల్చితే, ఒత్తిడితో ఎక్కించిన కొవ్వు సిరలోకి దూరి, గుండె కుడి గదుల గుండా ఊపిరితిత్తులకు చేరి నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. 2017లో అంతర్జాతీయ సర్వే ఒకటి 3,000 మందిలో ఒకరు చనిపోతున్నట్టు అంచనా వేసింది. సౌందర్య శస్త్రచికిత్సల్లో ఇంత ప్రమాదకరమైనది అప్పటికి మరొకటి లేదు. శవపరీక్షల్లో ప్రతిసారీ కొవ్వు కండరంలోనే కనిపించడంతో, 2018లో ప్లాస్టిక్ సర్జన్ల సంఘాలు కలిసి చర్మం కింది పొర దాటకూడదని హెచ్చరించాయి. బ్రిటన్ సంఘం ఆ ఏడాది అసలు చేయవద్దనే చెప్పి, 2022లో అల్ట్రాసౌండ్‌తో మొన ఎక్కడుందో చూస్తూ చేస్తేనే సరేనంది. అదే ఏడాది ఫ్లోరిడా వైద్య మండలి ఒక సర్జన్ రోజుకు మూడు మించి చేయకూడదనీ, అల్ట్రాసౌండ్ తప్పనిసరనీ ఆదేశించింది. రోజుకు ఇన్నని లెక్కగట్టాల్సి రావడమే ఆ వ్యాపారం ఎంత దిగజారిందో చెబుతుంది. ముఖంలోనూ ప్రమాదం లేకపోలేదు: కనుబొమల మధ్య ఎక్కించిన కొవ్వు ధమనిలోకి పోయి చూపు పోయిన ఉదంతాలు 1988 నుంచీ నమోదవుతున్నాయి. మొండి మొన, తక్కువ మోతాదు, నెమ్మదైన చేయి అక్కడ రక్షణ.

ఇప్పుడు ఈ చికిత్స గురించి నిర్ణయించుకునేవారికి తూకం వేయాల్సినవి ఇవే. నిలిచే పాళ్లు అధ్యయనాన్ని బట్టి 20 నుంచి 80 శాతం దాకా మారుతున్నాయి. అందుకే కొద్దిగా ఎక్కువ నింపడం, రెండో విడత అవసరం కావడం మామూలే. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు రెండో విడతనూ కలుపుకోవాలి. మొదటి వారాల్లో కనిపించే నిండుతనంలో చాలావరకు వాపే, అసలు ఫలితం మూడు నాలుగు నెలలకు గానీ తెలియదు. మారిన కొవ్వు పుట్టిన చోటి గుణాన్ని వెంట తెచ్చుకుంటుంది. పొట్ట కొవ్వు బుగ్గలో చేరాక మనిషి లావెక్కితే బుగ్గ కూడా ఉబ్బుతుంది. బరువు తగ్గుతున్నవారు, ముఖ్యంగా సెమాగ్లుటైడ్ లాంటి మందులతో తగ్గుతున్నవారు, బరువు నిలకడపడేదాకా ఆగడం మేలు. పొగతాగేవారిలో కొత్త రక్తనాళాలు సరిగా రావు. కొవ్వు బొత్తిగా లేని బక్కపలచని మనిషికి తీయడానికే ఉండదు. చిన్న లోపం కూడా రోజంతా అద్దంలో కొండంతై వేధించే మనిషికి ముందు కావాల్సింది మానసిక వైద్యుడు. మచ్చలు, గాయాలు, రేడియేషన్ నష్టం, ఒకవైపు ముఖం కృశించిపోవడం లాంటి వాటిలో లాభం పాలు ఎక్కువ. పిరుదుల పరిమాణం పెంచడంలో ప్రమాదం పాలు ఎక్కువ.

మనదేశంలో ఈ పనికి శిక్షణ పొందినవారంటే ఎం.సీహెచ్ లేదా డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ చదివినవారు. మత్తు డాక్టరు ఉన్న ఆపరేషన్ థియేటర్‌లోనే చేయించుకోవాలి. అందం కోసం చేయించుకుంటే ఆరోగ్య బీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణానికి మినహాయింపు ఉంది. రొమ్ముకు చేయించుకునేవారు ముందొకసారి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో రొమ్ము పరీక్షలు చేయించుకుని, కొవ్వు ఎక్కించిన సంగతి ప్రతిసారీ రేడియాలజిస్టుకు చెప్పాలి. నూనె తిత్తులకూ అనుమానించాల్సిన సున్నపు చుక్కలకూ తేడా పట్టుకోవడానికి ఆ పాత చిత్రాలే ఆధారం.