గాలిమరకు నూనె వేసేదెవరు?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యవర్గ మిత్రులు అడిగినప్పుడు, వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన నాబోటి వాడికి వ్రాయడానికేముంటుంది అనుకున్నాను. తర్వాత ఒక గాలిమర గుర్తుకు వచ్చింది. దాని చరిత్రలో మనవంటి వారికి సంబంధించిన సంగతి ఒకటున్నది గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

రామంతాపూర్‌లోని మా ఇంటి నుండి హబ్సిగూడ, తార్నాకల మీదుగా సైకిలు మీద యూనివర్శిటీకి వెళ్లేవాడిని. 1929లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో నా పని లేత్ మిషను దగ్గర. 1980లలో అనంతపురం జిల్లాలో ఉండే మా బావమరిది, తన తోటలోని బావి మీద సబ్సిడీతో ఒక గాలిమర పెట్టించుకున్నాడు. సెలవు పెట్టి వెళ్లి దాన్ని నిలబెట్టడం దగ్గరుండి చూశాను. అయిదు మీటర్ల అడ్డుకొలత గల చక్రం, పన్నెండు ఇనుప రేకుల రెక్కలు. అందుకే ఆ రకానికి '12 పి.యు. 500' అని పేరు. పన్నెండు రెక్కలు, 500 సెంటీమీటర్లు అన్నమాట. చక్రం తిరిగితే క్రాంకు తిరుగుతుంది, క్రాంకు తిరిగితే కడ్డీ పైకీ కిందికీ ఆడుతుంది, బావిలోని పంపు నీళ్లు తోడుతుంది. చేతి బోరింగును మనకు బదులు గాలి కొడుతున్నట్లు ఊహించుకోండి.

ఇలాంటి మరలకు పుట్టిల్లు అమెరికా. గాలి దిక్కు మారితే తానే తిరిగి, గాలి మితిమీరితే తానే తగ్గే మరను 1854లో డేనియల్ హాలడే అనే ఆయన తయారుచేశాడు. అంతకు ముందు ఐరోపాలో పిండి విసిరే పెద్ద మరలకు ఎప్పుడూ ఒక మనిషి కావలి ఉండవలసి వచ్చేది. తర్వాత థామస్ పెర్రీ అనే ఇంజనీరు 1882-83లో అయిదువేలకు పైగా పరీక్షలు చేసి, చెక్క రెక్కల కంటే వంపు తిప్పిన ఉక్కు రేకులు ఎంతో మేలని తేల్చాడు. ఆ నమూనాతో 1888లో ఏర్‌మోటార్ కంపెనీ మొదలైంది. మొదటి ఏడు అమ్ముడుపోయినవి 45 మరలే. నాలుగేళ్లు తిరిగేసరికి వేలకు వేలు అమ్ముడుపోయాయి!

అయినా ఒక చిక్కు మిగిలింది. తరచుగా ఎవరో ఒకరు నిచ్చెనెక్కి నూనె వేయాలి. చలిలో, గాలిలో ముప్పై నలభై అడుగులు ఎక్కేదెవరు? నూనె లేక అరిగిపోయిన మరలు ఎన్నో. 1915లో పళ్లచక్రాలను నూనె తొట్టిలో మునిగి తిరిగేటట్లు మూసిపెట్టిన మర వచ్చింది. దానికి ఏడాదికి ఒక్కసారి నూనె మారిస్తే చాలు. నా దృష్టిలో గాలిమర చరిత్రలో ఇదే పెద్ద మలుపు. రెక్కల సంగతి తేలిన ముప్పై ఏళ్లకు గాని నూనె సంగతి తేలలేదు. ఆ తర్వాత 1930లలో పల్లెలకు కరెంటు తీగలు వచ్చి అక్కడా ఈ మరలను మూలకు నెట్టాయి. ఇప్పుడు టెక్సాస్‌లోని లబ్బక్ పట్టణంలో వాటికోసమే ఒక మ్యూజియం ఉంది.

మన దేశంలో 1960లలో బెంగుళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబరేటరీ వారు నీళ్లు తోడే గాలిమరను రూపొందించారు. 1973లో చమురు ధరలు మండిపోయిన తర్వాత గాలి మీద, ఎండ మీద మళ్లీ దృష్టి పడింది. 1982లో కేంద్రంలో సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖ ఏర్పడింది. మా బావమరిది మర ఆ ఉత్సాహంలో వచ్చినదే. అయితే మన రాష్ట్రంలో అదే కాలంలో వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవరుకు ఏడాదికింత అనే శ్లాబు పద్ధతి వచ్చింది. 2004లో ఉచిత విద్యుత్తు కూడా వచ్చింది. స్విచ్చి వేస్తే నీళ్లు వచ్చేటప్పుడు గాలి కోసం ఆకాశం వైపు చూసే రైతు ఎవరు? అందులో రైతు తప్పేమీ లేదు.

మా వాళ్ల మర అయిదారేళ్లు బాగానే నడిచింది. బిగించిన వారు మళ్లీ ఆ వైపు రాలేదు. నూనె వేసే పని తమదని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఒకనాటికి కిర్రుమని ఆగిపోయింది. బావమరిది కాలం చేసిన తర్వాత మా మేనల్లుడు నాకు ఫోను చేసి, "మామా, పాత ఇనుముకు అమ్మేస్తే సరిపోతాది గదా?" అన్నాడు. "ఒక్కసారి చూసి చెబుతాను, ఆగు" అన్నాను.

అప్పటికి నేను రిటైరై పన్నెండేళ్లు. మోకాళ్ల నొప్పి వల్ల టవరు ఎక్కలేను. కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గాలిలేని తెల్లవారుజామున చక్రాన్ని గొలుసుతో కట్టివేసి, నడుముకు తాడు కట్టుకుని మేనల్లుడే ఎక్కాడు. పైనుండి ఒక్కొక్కటీ చెప్పాడు. తోక మడిచే కీలు తుప్పుతో పట్టేసింది. రెండు రెక్కలు వంగాయి. క్రాంకు బుష్ అండాకారంగా అరిగింది. కింద పంపులో తోలు వాషరు ఎండి పెంకులా పగిలింది. ప్రాణం పోయే జబ్బు ఒక్కటీ లేదు!

అరిగిన బుష్‌ను హైదరాబాదు తెచ్చి, ఉప్పల్‌లో ఒక లేత్ షాపులో కొలత ప్రకారం గన్‌మెటల్‌తో కొత్తది చేయించాను. కుర్రవాడు మిషను మీద ఉండగా నా చేతులు ఊరుకోలేదు, ఆఖరి కోత నేనే తీశాను. తోలు వాషరును చెప్పులు కుట్టే ఆయన చేత కోయించి ఆముదంలో నానబెట్టాము. ముఖ్యమైన బోల్టులన్నీ మార్చాము. తోక కీలు స్వేచ్ఛగా మడుస్తున్నదో లేదో రెండుసార్లు చూపించుకున్నాను. పెద్దగాలిలో మరను కాపాడేది అదే.

ఆషాఢం గాలికి మర తిరిగింది. గాలి వేగం రెండింతలైతే దాని బలం ఎనిమిదింతలు అవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలిలో, ఆ బలంలో నూటికి పది పాళ్లు దక్కినా, పది మీటర్ల లోతు నుండి గంటకు సుమారు మూడువేల లీటర్లు తోడవచ్చునని లెక్క. మా బావిలో ఇప్పుడు అన్ని నీళ్లు లేవు. చుట్టూ బోర్లు పడ్డాయి. కనుక ఎకరాలు పండుతాయని నేను చెప్పను. పశువుల తొట్టి నిండుతుంది, నిమ్మచెట్లకు తడి అందుతుంది. కరెంటు లేని పూట కూడా అందుతుంది. నిండు తొట్టి చూసి మేనల్లుడు అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.

తిరిగి వచ్చే ముందు టవరు కాలు మీద ఎనామిల్ పెయింటుతో నూనె వేసిన తేదీ వ్రాయించాను. దాని కింద ఖాళీ వరుసలు గీయించాను. ఏటా ఉగాదికి మేనల్లుడు నూనె వేసి, తేదీ వ్రాసి, నాకు ఫోను చేస్తాడు. ఇంతవరకు ఒక్క వరుస కూడా తప్పలేదు.

మిత్రులారా! మరను ఆపినది గాలి కాదు, నూనె వేయవలసిన మనిషి ఫలానా అని ఎవరూ చెప్పకపోవడం. మనలో పంపులు, బాయిలర్లు, లేత్‌లు ఎరిగినవారు ఎందరో ఉన్నారు. ఏ బోల్టు ఎప్పుడు బిగించాలో మన తలలో ఉన్నది కాగితం మీద పెట్టి, ఇంటిలో ఒక కుర్రవాడికి చూపించండి. ఎక్కే కాళ్లు వాళ్లకున్నాయి. చెప్పే నోరు మనకు ఇంకా ఉన్నది.