సిస్టర్షియన్

ఈ మాట వింటే మనకు కాన్వెంట్ సిస్టర్లు గుర్తొస్తారు. కానీ ఆ సిస్టర్‌కూ దీనికీ చుట్టరికం లేదు. ఇది ఊరి పేరు మీద వచ్చిన మాట. 1098లో మొలెమ్ మఠాధిపతి రాబర్ట్ కొందరు సన్యాసులతో ఫ్రాన్స్‌లోని బర్గండీలో, సితో అనే చోట కొత్త మఠం పెట్టాడు. సితోకు లాటిన్ పేరు సిస్టెర్సియుం. అక్కడి సంప్రదాయం పాటించేవారు సిస్టర్షియన్లు. ఆ ఊరి పేరు రెల్లుగడ్డిని బట్టి వచ్చిందని కొందరు, రోమన్ బాటలో మూడో మైలురాయికి ఇవతలి చోటని మరికొందరు అంటారు.

బెనెడిక్టు అనే సాధువు సన్యాసులకు రాసిన నియమాలను అక్షరాలా పాటించాలి, ఒంటి కష్టంతో బతకాలి, ఆడంబరం కూడదు: ఇదీ వారి పట్టుదల. అది రాతిలో ఎలా ఉంటుందో బర్గండీలోనే ఉన్న ఫాంతెనే మఠం చర్చిలో చూడవచ్చు. ఆ మఠాన్ని 1118లో సిస్టర్షియన్ సన్యాసి బెర్నార్డ్ స్థాపించాడు. చర్చిని 1147లో పోప్ మూడో యూజీన్ ప్రతిష్ఠించాడు. దానికి ఎత్తైన బురుజు లేదు. తూర్పు గోడ వంపు లేకుండా తిన్నగా ఉంటుంది. నడిమి శాలపై కొన తేలిన రాతి కమాను కప్పు. ఆ శాల పైగోడల్లో కిటికీలే లేవు. పక్క నడవల్లోని అడ్డ కమానులు ఆ కప్పు బరువును ఆపుతాయి. వెలుగు ముఖ్యంగా తూర్పు, పడమర గోడల కిటికీల నుంచి, నడవల నుంచి వస్తుంది.

అందుకే వాస్తుశిల్ప గ్రంథాల్లో ‘సిస్టర్షియన్’ అంటే ఒక సన్యాసుల శాఖ మాత్రమే కాదు, అలంకారం వదిలి కొలతనూ వెలుతురునూ నమ్ముకున్న నిర్మాణ శైలి కూడా.