ఎగువ వానకు పొంగే మునేరు

పూర్వపు కృష్ణా జిల్లాలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నవి. ఇక్కడి మెట్ట పల్లెలకు మునేరు ముఖ్యమైన ఏరు. వరంగల్ ప్రాంతంలో పుట్టి, ఖమ్మం మీదుగా ప్రవహించి కృష్ణానదిలో కలియుచున్నది. వత్సవాయి మండలం పోలంపల్లి వద్ద దీనిపై ఆనకట్ట కలదు. తిరుపతమ్మ అమ్మవారు కొలువైన పెనుగంచిప్రోలు దీని ఒడ్డునే ఉన్నది.

వేసవిలో ఇసుక తప్ప కానరాని ఈ ఏరు, స్థానికంగా చినుకు లేకున్నను ఎగువ వానలకు పొంగును. కృష్ణకు వరద ఉన్నప్పుడు నీరు వెనుకకు తన్ని ముంపు మరింత పెరుగును. 2023 జులైలోను, 2024 సెప్టెంబరులోను ఐతవరం వద్ద జాతీయ రహదారిపైకి వరద చేరగా హైదరాబాద్-విజయవాడ రాకపోకలు నిలిచిపోయినవి. 2014 విభజనతో ఎగువ భాగం తెలంగాణలో ఉన్నందున, ఖమ్మం వద్ద నీటిమట్టం ఎంతో ముందుగా తెలిసిననే దిగువ గ్రామాలను ఖాళీ చేయించుటకు వ్యవధి దొరకును.